రెండు పిలకల విగ్గులు అమ్మేవారికి బహిరంగ లేఖ

కాస్‌ప్లే విగ్గులు తయారుచేయించే, దిగుమతి చేసుకునే, ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారులందరికీ,

నమస్కారం.

అనిమే (జపాన్ యానిమేషన్), మాంగా (జపాన్ బొమ్మల కథలు) పాత్రల వేషాలు కట్టేవాళ్లం, వాళ్ల కోసం విగ్గులు విప్పి కుట్టి సరిచేసేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరమిది. మీరు తెప్పించకపోతే హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని పిల్లలకు ఆ నీలి, గులాబి, ఊదా రంగుల జుట్టు చేతికందేదే కాదు. అందుకు మీకు కృతజ్ఞతలు. కానీ రెండు పిలకల విగ్గుల విషయంలో మాలో ఒక్కొక్కరూ విడిగా పంపిన ఫిర్యాదులకు ఇప్పటిదాకా రెండే జవాబులు వచ్చాయి: "బొమ్మలో ఉన్నట్టే ఉంది కదా", "విగ్గులు వాపసు తీసుకోం". ఆ జవాబులతో పని జరగదని తేలిపోయింది కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాం.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. రెండు పిలకల విగ్గు మామూలు విగ్గు కాదు. మామూలు పొడుగు విగ్గులో జుట్టు బరువు తలంతా సర్దుకుంటుంది, లోపలి కుట్లను పై జుట్టు కప్పేస్తుంది. పిలకలు కట్టిన క్షణం నుంచి ఆ రెండు సౌకర్యాలూ పోతాయి. బరువంతా చెవుల పైన రెండే రెండు చోట్ల వేలాడుతుంది. మెడ, వెనక పాపిడి పూర్తిగా బయటపడతాయి. మీరు అమ్ముతున్న వాటిలో చాలా భాగం మామూలు విగ్గుకే రెండు క్లిప్పులు జోడించి, పక్కన పాత్ర పేరు రాసినవి. మిగతా ఇబ్బందులన్నీ అక్కడి నుంచే పుడుతున్నాయి.

ఇది పట్టించుకోదగ్గ విషయమేనా అని మీకు అనిపించవచ్చు. మాంగా ఎక్కువగా నలుపు తెలుపుల్లో అచ్చవుతుంది. రంగు లేని పేజీలో ఒక అమ్మాయిని ఇంకో అమ్మాయి నుంచి విడదీసి చూపేది జుట్టు ఆకారమే. కళ్లూ ముక్కూ దాదాపు ఒకేలా గీసినా, వెనక నుంచి చూపినా, ఒట్టి నీడగా నిలబెట్టినా ఆమె ఎవరో పాఠకుడికి తెలియాలి. రెండు పిలకలు ఆ పనిని గొప్పగా చేస్తాయి. పరుగెత్తితే వెనక్కి ఎగురుతాయి, ఆగితే ముందుకు ఊగుతాయి, కోపం వస్తే పైకి లేస్తాయి. 1975లో మాంగాగా మొదలైన క్యాండీ క్యాండీ కథానాయిక ఉంగరాల పిలకలు, 1992లో టీవీకెక్కిన సెయిలర్ మూన్ నాయిక ఉసాగి, 2007 ఆగస్టు 31న సప్పోరోలోని క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా విడుదల చేసిన పాటల సాఫ్ట్‌వేర్‌కు ముఖమైన హత్సునే మికు, వీళ్లందరినీ ఒక్క గీతతో గుర్తుపట్టించేది ఆ పిలకల కట్టే. జపాన్‌లో ఫిబ్రవరి 2ను ట్విన్‌టెయిల్ (రెండు పిలకల) దినంగా జరుపుకుంటున్నారు కూడా.

అయితే రెండు పిలకలు అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మీ జాబితాల్లో జరుగుతున్న మొదటి పొరపాటు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

మికుకు రిబ్బన్లు లేవు. నలుపు, గులాబి కలిసిన చతురస్రపు చట్రాల్లోంచి పిలకలు బయటికి వస్తాయి, ముందు కొద్దిగా పైకి లేచి తర్వాత కిందికి దిగుతాయి. ఆ చట్రం లేకుండా పిలకను నేరుగా తలకు అతికిస్తే ఆ లేపు రాదు. ఉసాగికి నడినెత్తికి చెరో పక్కన గుండ్రటి కొప్పు ఉంటుంది, పిలక ఆ కొప్పులోంచి జారుతుంది. చాలా విగ్గుల్లో కొప్పును ఒక బంతిలా చేసి పిలక మొదట్లో జిగురుతో అతికిస్తున్నారు. రెంటికీ సంబంధం లేనట్టు కనిపించడం సరే, జిగురు చెమటకు వదిలేస్తుంది. ఆమె కూతురు చిబియుసా కొప్పులు గుండ్రం కాదు, పైకి కోసుగా లేచినవి. తల్లి విగ్గునే గులాబి రంగులో పొట్టిగా చేసి కూతురి పేరుతో అమ్మడం తగదు.

ఫేట్ కథల్లోని తోసాకా రిన్, ఎవాంజెలియన్ అసుకా విషయం మరీ వేరు. వాళ్లది సగం కట్టు. పైన చెరో పక్క కొంచెం జుట్టు మాత్రమే తీసి కడతారు, మిగతాదంతా వీపు మీద విరబోసినట్టే ఉంటుంది. రిన్‌కు నల్ల రిబ్బన్లు, అసుకాకు ఎర్ర క్లిప్పులు. ఈ ఇద్దరికీ వెనక పాపిడి అక్కర్లేదు, నిండుగా విరబోసిన జుట్టు కావాలి. మీ దగ్గర ఈ పేర్లతో వచ్చే విగ్గుల్లో మొత్తం జుట్టును రెండుగా చీల్చి కట్టినవి ఉంటున్నాయి. డేట్ ఎ లైవ్ కథలోని తోకిసాకి కురుమికి పోరాట వేషంలో ఒక పిలక పొడుగు, ఒకటి పొట్టి. సమానమైన రెండు పిలకలు పంపితే అది కురుమి కాదు. మదోకా మాజికా కథలోని కనామే మదోకావి భుజాల దగ్గరే ఆగే పొట్టి పిలకలు, రిబ్బన్లే వాటికి అందం. అదే కథలో తొలి రోజుల అకెమి హోమురాకు కళ్లజోడు, రెండు అల్లిన జడలు. అజుమాంగా దైయో కథలోని మిహామా చియో పిలకలు చిన్నవే అయినా పక్కలకు బిగుసుకుని నిలబడతాయి, లోపల తీగ లేకపోతే అవి వాలిపోతాయి. తన పేరుతోనే వచ్చే మాంగాలోని చిన్నపిల్ల యోత్సుబాకు పిలకలు నాలుగు! డీమన్ స్లేయర్ కథలోని కన్‌రోజి మిత్సురికి మూడు జడలు: చెవుల కింద నుంచి రెండు, మెడ దగ్గర నుంచి ఒకటి, గులాబితో మొదలై సగం దాటాక లేత ఆకుపచ్చగా మారతాయి. డీమన్ స్లేయర్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చాక మిత్సురి వేషం అడిగే అమ్మాయిలు మన దగ్గర పెరిగారు. వాళ్ల చేతికి వస్తున్నవి రెండు జడల విగ్గులు.

ఇక తయారీలో లోపాలు.

1. వెనక పాపిడి, మెడ. సాగే వల టోపీ మీద జుట్టు కుట్టిన పట్టీలను అడ్డంగా వరసలుగా కుడితే విగ్గు అవుతుంది. వరసల మధ్య వేలెడు ఖాళీ ఉన్నా పై వరస జుట్టు కింది వరసను కప్పేస్తుంది. అదే జుట్టును మధ్యకు చీల్చి చెరో వైపుకు లాగితే కప్పడానికేమీ మిగలదు. నడినెత్తి నుంచి మెడ దాకా కుట్లు, వల, లోపల వేసుకున్న స్టాకింగ్ టోపీ కనిపిస్తాయి. రెండు జడలతో బడికి పోయే పిల్లలున్న ఏ తెలుగింట్లోనైనా ఇది తెలిసిన సంగతే: దువ్వెన కొసతో గీసిన పాపిడి వంకర పోతే, జడ ఎంత బాగా అల్లినా వంకరే.

సరైన పద్ధతి కొత్తదేం కాదు. నడినెత్తి నుంచి మెడ దాకా రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున చర్మం రంగు పాపిడి పట్టీ వేయాలి. లేదా ఆ గీతకు రెండు పక్కలా పట్టీలను నిలువుగా, జుట్టు బయటి వైపుకు పోయేలా కుట్టాలి. మెడ దగ్గర ఆఖరి రెండు వరసలను తిరగేసి, జుట్టు పైకి పోయేలా కుట్టాలి. అలా కుట్టకపోతే టోపీ అంచు కనిపిస్తుంది, దువ్వి పైకి లాగిన జుట్టు పది నిమిషాల్లో కిందికి జారుతుంది. జపాన్‌లోని కాస్‌ప్లే విగ్గుల దుకాణాలు ఇలా పిలకల కోసమే కుట్టిన బేస్ విగ్గును, పక్కన తగిలించుకునే సవరాలను విడివిడిగా అమ్ముతాయి. ఆ సవరాలను అక్కడ బాన్సు అంటారు. కొనేవాళ్లు తమ పాత్రకు తగ్గ పొడవు ఎంచుకుంటారు. మీరు తెప్పించే విగ్గును ఈ పద్ధతిలోకి మార్చాలంటే మేము వెనక వరసలు విప్పి, ఒకటి రెండు మీటర్ల పట్టీ కొని, చేతికుట్టుతో సాయంత్రమంతా కూర్చోవాలి. ఫ్యాక్టరీలో మిషన్ మీద అది చాలా చిన్న మార్పు.

2. క్లిప్పు, బరువు. అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే.

తగిలించే పిలకలో మూడు భాగాలుంటాయి. బేస్ విగ్గుకు చెరో పక్క వదిలిన చిన్న కుచ్చు, దాన్ని కరిచి పట్టుకునే స్ప్రింగు క్లిప్పు, ఆ క్లిప్పుకు కుట్టిన సవరం. నడుం దాటి దిగే సవరం ఒక్కోటి 150 నుంచి 250 గ్రాముల దాకా తూగుతుంది. అంత బరువు ఆగాలంటే కుచ్చు కనీసం 8 నుంచి 10 సెం.మీ. పొడవు, బొటనవేలంత మందం ఉండాలి. ఇప్పుడు వచ్చేవాటిలో చాలావరకు అది చిటికెన వేలంత కూడా ఉండదు. క్లిప్పు పళ్లకు పట్టు దొరకదు. పిలక చుట్టూ తిరిగి చెవి మీదికి జారుతుంది.

కుచ్చు గట్టిదైనా టోపీ వల పలచనైతే ఇంకో చిక్కు. బరువు టోపీని వెనక్కి లాగుతుంది, నుదుటి అంచు పైకి జరుగుతుంది, సొంత జుట్టు బయటపడుతుంది. దాన్ని ఆపడానికి లోపలి కొక్కేలను ఆఖరి దాకా బిగిస్తారు. తలనొప్పి మొదలయ్యేది అప్పుడే. క్లిప్పు పళ్లు చెవి పైన చర్మానికి గుచ్చుకుంటాయి, కణతల దగ్గర వెంట్రుకలు లాక్కుపోతాయి.

దీనికి మందు మీ చేతిలో ఉంది. కుచ్చు మొదట్లో, టోపీ లోపలి వైపున, అరచేతిలో సగమంత గట్టి గుడ్డ ముక్క కుడితే బరువు ఒక చోట పడకుండా పరుచుకుంటుంది. క్లిప్పు లోపలి వైపున మెత్తని పట్టీ అతికించాలి. క్లిప్పు నుంచి టోపీకి ఒక ఎలాస్టిక్ దారం ముడేస్తే, క్లిప్పు ఊడినా పిలక నేల మీద పడదు. మరీ లావు పిలకల్లో మొత్తం కృత్రిమ జుట్టు పీచే నింపాల్సిన పని లేదు. మధ్యలో చుట్టిన నెట్ గుడ్డ గానీ తేలికపాటి ఫోమ్ గానీ పెట్టి పైన జుట్టు పరిస్తే లావు అంతే ఉంటుంది, బరువు బాగా తగ్గుతుంది. చియో పిలకల్లాంటి వాటికి తీగ వాడితే 2 నుంచి 3 మి.మీ. అల్యూమినియం తీగ సరిపోతుంది. దాని కొసను గుండ్రంగా వంచి గుడ్డ చుట్టండి. తెగిన కొసను అలాగే వదిలిన విగ్గులు మా దగ్గరికి వస్తున్నాయి. పిలక ఊగితే ఆ కొస కంటి ఎత్తులో తిరుగుతుంది.

3. పొడవు. మికు అధికారిక ఎత్తు 158 సెం.మీ. ఆ ఎత్తున్న అమ్మాయికి పిలక కట్టే చోటు నేల నుంచి సుమారు 148 సెం.మీ. పైన ఉంటుంది. చీలమండ దగ్గరికి దిగాలంటే 135 సెం.మీ. పైగా కావాలి. మొదట్లో పైకి లేచే వంపుకు ఇంకొంత కలపాలి. 120 అని రాసినవి పిక్కల దగ్గరే ఆగుతాయి, అది తప్పేమీ కాదు, ముందే చెబితే చాలు. తప్పెక్కడంటే కొందరు ఆ 120ని టోపీ నడినెత్తి నుంచి కొలుస్తున్నారు. అలా కొలిచిన పిలక క్లిప్పు దగ్గర నుంచి 120 ఉండదు. ఇంకొన్నిటిలో పొడవు నిజమే గానీ కింది మూడో వంతులో నాలుగు పోగులే మిగులుతాయి. క్లిప్పు దగ్గర చుట్టుకొలత, కొస నుంచి ఒక జానెడు పైన చుట్టుకొలత, ఈ రెండు అంకెలూ రాస్తే కొనేవాళ్లకు అంతా తెలిసిపోతుంది.

4. పీచు, వేడి. జపాన్ కంపెనీ కనెకా 1957లో తయారీ మొదలుపెట్టిన కనేకలోన్ అనే కృత్రిమ పీచు పేరును ఇప్పుడు ఏ పీచుకు పడితే ఆ పీచుకు తగిలిస్తున్నారు. అలాగే 180 డిగ్రీల వేడి తట్టుకుంటుందని రాసిన పీచు ఇస్త్రీ పట్టకారు తగలగానే ముడుచుకుపోతోంది. మేము ఎవరికైనా చెప్పేదొకటే: మెడ దగ్గర లోపలి వరస నుంచి నాలుగు పోగులు కత్తిరించి, 120 డిగ్రీలతో మొదలుపెట్టి పదేసి పెంచుతూ ముందు వాటి మీద చూసుకోండి. కానీ ఈ పరీక్ష కొన్నవాళ్లు ఇంట్లో చేయాల్సింది కాదు, మీరు పెట్టె మీద రాయాల్సింది.

కొన్ని పేజీల్లో రాసే "అసలు జుట్టు" అన్న మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలను టీటీడీ ఈ-వేలంలో అమ్ముతుంది, మానవ కేశాల సవరాలు, విగ్గుల పరిశ్రమకు అలాంటి జుట్టు ఎంత విలువైనదో మన దగ్గర అందరికీ తెలుసు. మీటరు పైన పొడవున్న ఆకాశనీలం పిలక ఒకటి రెండు వేలకు వస్తే అది అసలు జుట్టు అయ్యే అవకాశమే లేదు. ఆ మాట నమ్మిన అమ్మాయి దాని మీద తన జుట్టుకు వాడే వేడే పెడుతుంది. పీచు కరిగి పట్టకారుకు అంటుకుంటుంది.

5. చిక్కు. పొడుగు పిలకలు నడుముకు, బ్యాగు పట్టీకి, కుర్చీ వెనక్కి రాసుకుని చిక్కుపడతాయి. ఇది ఏ పీచుకైనా తప్పదు. కానీ విగ్గుతో పాటు ఒక చీటీ పెట్టడానికి మీకు పైసల ఖర్చే. అందులో ఇంతే రాయండి: వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, పై నుంచి కిందికి లాగకూడదు. చన్నీళ్లలో కొద్దిగా షాంపూ వేసి ముంచాలి, రుద్దకూడదు. ఆఖరి నీళ్లలో బట్టలకు వాడే సాఫ్ట్‌నర్ మూత సగం కలపాలి. నీడలో వేలాడదీసి ఆరబెట్టాలి. దాచేటప్పుడు ఒక్కో పిలకను వదులుగా అల్లి విడి సంచీలో పెట్టాలి. పిలకలను క్లిప్పులతో సహా విగ్గు నుంచి తీసి తీసుకెళ్లి, వేదిక దగ్గరే తగిలించుకోవాలి.

6. తల కొలత. మీ విగ్గుల మీద ఒకే సైజు అందరికీ అని ఉంటుంది. ఎక్కువ టోపీలు 54 నుంచి 58 సెం.మీ. చుట్టుకొలతకు కుట్టినవి. మన అమ్మాయిల్లో చాలామందికి సొంత జుట్టే నడుం దాకా ఉంటుంది. దాన్ని ముడి చుట్టి టోపీ పెడితే వెనక ఉబ్బు వస్తుంది, టోపీ పైకి తోసుకుపోతుంది. రెండు సన్నని జడలు అల్లి, వెనక తల మీద ఒకదానిపై ఒకటి అడ్డంగా పరిచి పిన్నులు గుచ్చితే ఎత్తు తగ్గుతుంది. పిలక క్లిప్పు వచ్చే చోట కొంచెం సొంత జుట్టును చుట్టలా చుట్టి, రెండు పిన్నులు అడ్డదిడ్డంగా గుచ్చి, టోపీ వలను దానికి పట్టిస్తే విగ్గు కదలదు. ఇంత చేసినా టోపీకి రెండు మూడు సెంటీమీటర్ల సాగుదల అదనంగా కావాల్సిందే. సాగని కొలత, సాగిన కొలత, చెవి నుంచి చెవికి నెత్తి మీదుగా కొలత రాయండి.

7. బొమ్మలు. అమ్మే పేజీలో విగ్గు ఫొటో బదులు అనిమే బొమ్మ పెట్టడం, లేదా ముందు నుంచి తీసిన ఒకే ఫొటో పెట్టడం ఆపండి. రెండు పిలకల విగ్గు బాగోగులన్నీ వెనక నుంచే తెలుస్తాయి. మికు రంగు నీలం, ఆకుపచ్చల మధ్యది. ఒకే పేజీలో ఒక ఫొటో పూర్తి నీలం, ఇంకోటి పూర్తి ఆకుపచ్చ ఉంటే వచ్చే విగ్గు ఏ రంగో ఎవరికీ తెలియదు.

ఈ లోపాల భారం ఎవరి మీద పడుతోందో చూడండి. వీటిని కొనేది ఎక్కువగా ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలు. చేతిఖర్చులో మిగుల్చుకున్న రెండు మూడు వేలు ఒకే విగ్గు మీద పెడతారు. అది వేడుకకు వారం ముందు చేరుతుంది. వాపసు లేదంటారు, మళ్లీ తెప్పించే సమయం ఉండదు, ఇంకో విగ్గుకు డబ్బూ ఉండదు. ఏడాదంతా కుట్టుకున్న దుస్తులు అలమరలో ఉండిపోతాయి. లేదా జారే విగ్గునే బిగించి కట్టుకుని ఆ పూటంతా నిలబడతారు.

ఆ బిగింపు ఒంటికి చేసే చేటు చిన్నది కాదు. ఒకే చోట జుట్టును పదే పదే లాగి కడితే కణతల దగ్గర, చెవుల పైన జుట్టు పలచబడుతుంది. చర్మ వైద్యులు దీన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. మొదట్లోనే ఆపితే జుట్టు తిరిగి వస్తుంది, ఏళ్ల తరబడి సాగితే రాకపోవచ్చు. నుదుటి అంచున నొప్పి, ఎర్రబారడం, చిన్న పొక్కులు తొలి సూచనలు. నెలనెలా వేషం కట్టే అమ్మాయిలు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి, విగ్గు తీసేశాక నొప్పి తగ్గకపోతే కొన్ని వారాలు పూర్తిగా ఆపేయాలి.

మీటరు పైన వేలాడే పిలకకు ఇంకో ప్రమాదముంది. మెట్రో స్టేషన్ ఎస్కలేటర్ అంచులో, ఆటో చక్రం దగ్గర, బైకు గొలుసులో అది చిక్కుకోగలదు. చౌక పాలియెస్టర్ పీచు నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఫొటోల కోసం దీపాలు, కొవ్వొత్తులు పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఇలాంటి హెచ్చరిక ఒక్కటి రాసిన పెట్టె ఇంతవరకు మా చేతికి రాలేదు.

కాబట్టి మా కోరికలు ఇవి.

1. పాత్ర పేరుతో అమ్మే ప్రతి విగ్గుకూ అది పూర్తి కట్టా, సగం కట్టా, అల్లిన జడా, ఎన్ని పిలకలు, సమానమా కాదా అన్నది మొదటి వరసలో రాయాలి.

2. విగ్గు అసలు ఫొటోలు నాలుగు పెట్టాలి: ముందు, పక్క, వెనక, లోపలి టోపీ. పిలక పక్కన టేపు పెట్టి తీసిన ఐదో ఫొటో కూడా ఉండాలి.

3. పూర్తి కట్టు విగ్గుల్లో వెనక పాపిడి, మెడ దగ్గర తిరగేసిన వరసలు తప్పనిసరి చేయాలి. అవి లేని పాత సరుకును లేవని రాసి, ధర తగ్గించి అమ్ముకోండి, మాకు అభ్యంతరం లేదు.

4. ఒక్కో పిలక బరువు గ్రాముల్లో, క్లిప్పు దగ్గర నుంచి పొడవు, టోపీ కొలతలు, పీచు రకం, నిజంగా పరీక్షించిన వేడి పరిమితి రాయాలి.

5. 200 గ్రాములు దాటిన పిలకలకు లోపలి బలపు గుడ్డ, ఎలాస్టిక్ దారం ఇవ్వాలి. ఎస్కలేటర్లు, వాహనాలు, నిప్పు గురించి హెచ్చరిక తెలుగు సహా స్థానిక భాషల్లో ఉండాలి.

6. బేస్ విగ్గు, సవరం, క్లిప్పు విడివిడిగా దొరకాలి. క్లిప్పు విరిగితే మొత్తం విగ్గు కొనాల్సిన పరిస్థితి పోవాలి.

7. వర్ణనకు సరిపోని విగ్గును తలకు పెట్టుకుని చూశారన్న కారణంతో వాపసు నిరాకరించకూడదు. పెట్టుకోకుండా టోపీ సరిపోయిందో లేదో తెలిసే దారి లేదు.

ఆఖరి కోరిక మా సొంత ఊహ కాదు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆన్‌లైన్ పేజీలో కూడా దిగుమతిదారు పేరు, సరుకు ఏ దేశంలో తయారైందన్నది చూపాలని తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. ఇవేవీ లేని పేజీలు మీలో చాలామందివి ఉన్నాయి.

ఈ లేఖ వెలువడిన నాటి నుంచి నెల రోజులు ఎదురుచూస్తాం. 3, 6 కోరికలకు ఫ్యాక్టరీతో మాట్లాడే సమయం కావాలంటే ఎన్నాళ్లు కావాలో చెప్పండి, ఒప్పుకుంటాం. బేస్ విగ్గు కుట్టు కొలతలు, కుచ్చు మందం, గుడ్డ ముక్క పెట్టాల్సిన చోటు గీసి ఇవ్వమంటే ఉచితంగా గీసి ఇస్తాం, నమూనా విగ్గును తల మీద పెట్టి పరీక్షించి చెబుతాం. మిగతా ఐదింటికి కొత్త మిషన్ అక్కర్లేదు. పేజీ సరిచేయడం, చీటీ అచ్చువేయడం, ఇంత దారం గుడ్డ జోడించడం, వాపసు మాట మార్చుకోవడం, అంతే. గడువులోగా వాటిమీద కూడా కదలిక లేకపోతే, విగ్గు కొన్న ప్రతి ఒక్కరి చేత రసీదు, పేజీ స్క్రీన్‌షాట్, చేతికొచ్చిన విగ్గు వెనక వైపు ఫొటో జతచేసి 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయిస్తాం. అక్కడా తేలనివాటిని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు తీసుకెళ్తాం. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు.

కొన్నవాళ్లు ఈలోగా చేయాల్సింది ఒకటుంది. పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి, పిలకను క్లిప్పు దగ్గర నుంచి టేపుతో కొలవండి, వంటింటి తూకం మీద తూచండి, వెనక పాపిడి ఫొటో తీయండి. పేజీ మారిపోకముందే దాని స్క్రీన్‌షాట్ దాచుకోండి.

ఇట్లు,
వేషాలు కట్టేవాళ్లు, విగ్గులు సరిచేసేవాళ్లు